ఎస్‌వీటీకి ముక్కులో కొట్టుకునే స్ప్రే – ఎట్రిపమిల్ గురించి ఎవరికైనా తెలుసా?

వైజాగ్_వాణి (ఆగస్టు 2025)
నాకు పదేళ్ల పైనుంచి ఎస్‌వీటీ (గుండె ఉన్నట్టుండి విపరీతమైన వేగంతో కొట్టుకునే జబ్బు) ఉంది. ఎప్పుడొస్తుందో తెలీదు. కూర తరుగుతుంటే రావచ్చు, బస్సులో కూర్చుని ఉంటే రావచ్చు. ఉన్నట్టుండి గుండె లయ తప్పినట్టయి, గొంతు దగ్గర దబదబ కొట్టుకోవడం మొదలవుతుంది. వాచీలో చూస్తే 190. మొన్న పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ మధ్యలో వచ్చింది. టీచరమ్మ మార్కుల గురించి చెబుతోంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు. అక్కణ్ణుంచి ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్తే ఇంజెక్షన్ ఇచ్చి ఆపారు.
రోజూ మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర) వేసుకుంటున్నాను. మగతగా ఉంటుంది, అయినా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. న్యూజెర్సీలో ఉన్న మా వదిన ఫోన్ చేసి, "ఎట్రిపమిల్ అని ముక్కులో కొట్టుకునే మందు ట్రయల్స్‌లో ఉందట, ఇంట్లోనే ఆగిపోతుందట" అంది. నిజమేనా? మన దగ్గర దొరుకుతుందా? ఆసుపత్రికి పరిగెత్తే పని తప్పితే చాలు నాకు.

కరీంనగర్_కుర్రోడు
గుండెకి మందు ముక్కులోనా? జలుబు మందు అనుకుని మా నాన్న కొట్టేసుకుంటాడు ఇంట్లో ఉంటే.

ఫార్మా_బాబాయ్
కుర్రోడా, ముక్కు లోపలి పొర చాలా పలచన, నిండా రక్తనాళాలు. అక్కడ పడిన మందు కడుపు, లివర్ చుట్టూ తిరగకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్ర మింగితే పని మొదలవడానికే అరగంట, గంట పడుతుంది. ఆలోపు ఎస్‌వీటీ ఎటాక్ తనంతట తనే ఆగిపోవచ్చు, లేదా మనిషి ఎమర్జెన్సీలో ఉండొచ్చు.

వాణి గారూ, మీ వదిన చెప్పింది నిజమే. నేను మందుల తయారీ రంగంలోనే పనిచేశాను, దీన్ని కొన్నేళ్లుగా గమనిస్తున్నాను. ఎట్రిపమిల్ అనేది వెరాపమిల్ అనే పాత గుండె మందు కుటుంబానికి చెందిన కాల్షియం ఛానల్ బ్లాకర్. గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు వెళ్లే దారిలో ఏవీ నోడ్ అని ఒక గేటు ఉంటుంది. ఎస్‌వీటీలో ఎక్కువ రకాల్లో కరెంటు ఈ గేటు గుండా గిరగిరా ఒకే చుట్టు తిరుగుతూ ఉంటుంది. ఆ గేటును కాసేపు నెమ్మదింపజేస్తే చుట్టు తెగి, గుండె మళ్లీ మామూలు లయలోకి వస్తుంది. మీకు ఎమర్జెన్సీలో ఇచ్చే అడినోసిన్ ఇంజెక్షన్ చేసేదీ అదే పని.

ఎట్రిపమిల్‌ను రక్తంలో ఉండే ఎంజైములు త్వరగా విరగ్గొట్టేస్తాయి. కొద్ది నిమిషాల్లో ఎక్కుతుంది, త్వరగానే దిగిపోతుంది. ఎటాక్ వచ్చినప్పుడు మాత్రమే వాడే మందుకు కావలసిన గుణం అదే. తయారుచేసింది మాంట్రియల్‌లోని మైల్‌స్టోన్ ఫార్మాస్యూటికల్స్ అనే చిన్న కంపెనీ.

వైజాగ్_వాణి
బాబాయ్ గారూ, ఆ అడినోసిన్ మాట ఎత్తకండి. నర్సు చెయ్యి పైకెత్తి పట్టుకుని, మందు ఎక్కించీ ఎక్కించగానే సెలైన్ జోరుగా తోస్తుంది. ఒక్క క్షణం ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు, ఇక అయిపోయింది అన్నట్టు ఉంటుంది. మానిటర్ మీద గీత అలా సాగిపోతూ కనిపిస్తుంది. తర్వాత టక్కున మామూలైపోతాను. ఎన్నిసార్లు చేయించుకున్నా ఆ క్షణానికి అలవాటు పడలేకపోయాను.

నర్సింగ్_నాగమణి
వాణీ, చెయ్యి పైకెత్తడం, సెలైన్ తోయడం ఎందుకంటే అడినోసిన్ రక్తంలో కొద్ది సెకన్లే బతుకుతుంది. గుండెదాకా చేరేలోపే చెడిపోతుందని మా హడావిడి. ముందు 6 మిల్లీగ్రాములు, ఆగకపోతే 12. పేషెంటుకు ముందే చెప్తాం, "కాసేపు భయంగా ఉంటుంది, వెంటనే పోతుంది" అని. చెప్పి ఇచ్చినవాళ్లకి కొంచెం నయం.

సత్తిబాబు_సందేహాలు
అంతా బాగుంది కానీ ట్రయల్‌లో ఎంతమందికి పనిచేసింది? లెక్క చెప్పండి బాబాయ్.

ఫార్మా_బాబాయ్
ముఖ్యమైనది ర్యాపిడ్ ట్రయల్. 2020 అక్టోబరు నుంచి 2022 జూలై వరకు ఉత్తర అమెరికా, యూరప్‌లలో జరిగింది. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 692 మందిని తీసుకున్నారు. వాళ్లలో ఇంట్లో నిజంగా ఎస్‌వీటీ వచ్చి, స్ప్రే వాడి, ఈసీజీలో రుజువైనవాళ్లు 184 మంది. 99 మందికి అసలు మందు, 85 మందికి మందు లేని ఉత్తి స్ప్రే. ఎటాక్ రాగానే ఛాతీకి ఈసీజీ మానిటర్ పెట్టుకోవాలి, ఊపిరి బిగబట్టి ముక్కడం లాంటివి చేసి చూడాలి, ఆగకపోతే స్ప్రే. పది నిమిషాలకీ తగ్గకపోతే రెండోసారి.
అరగంటలో లయ కుదుటపడింది: మందు వాడినవాళ్లలో 64 శాతం, ఉత్తి స్ప్రే వాళ్లలో 31 శాతం. సగం మందికి కుదుటపడడానికి పట్టిన సమయం మందుతో సుమారు 17 నిమిషాలు, ఉత్తిదానితో 53 నిమిషాల పైమాట.

సత్తిబాబు_సందేహాలు
అంటే ఉత్తి నీళ్లు కొట్టినా మూడోవంతు మందికి ఆగిందన్నమాట! మందు తీసుకున్న వందలో 36 మందికి అరగంటలో ఆగనేలేదు. ఇంత హడావిడి దేనికో నాకు అర్థం కావట్లేదు.

నర్సింగ్_నాగమణి
ఉత్తి స్ప్రే ఆపలేదు సత్తిబాబు గారూ. ఎస్‌వీటీ చాలామందికి తనంతట తనే ఆగుతుంది. అందుకే పక్కన ఉత్తి స్ప్రే గుంపు పెట్టి పోల్చేది. అది పెట్టకుండా "64 శాతం" అని చెప్పి ఉంటే అప్పుడు అనుమానించాలి.

వైజాగ్_వాణి
190 మీద గుండె కొట్టుకుంటుంటే 53 నిమిషాలకీ 17 నిమిషాలకీ తేడా ఎంతో పడినవాళ్లకే తెలుసు. ఆ తేడాలో నేను ఆటో ఎక్కి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఎమర్జెన్సీలో పేరు రాయించుకుని ఉంటాను.

సత్తిబాబు_సందేహాలు
ఆ మాట ఒప్పుకుంటానమ్మా. కానీ మిగతా 36 మందిలో మీరుంటే? స్ప్రే ఉంది కదా అని ఇంట్లోనే కూర్చుంటేనో? నా భయం అది.

డల్లాస్_డైరీ
ఇక్కడి సంగతి చెప్తాను. ఈ మందు దారి ఏమీ సాఫీగా సాగలేదు. 2020లో వచ్చిన మొదటి పెద్ద ట్రయల్ అనుకున్న ఫలితం ఇవ్వలేదు. అప్పుడు ఒకే డోసు ఇచ్చి, ఐదు గంటల దాకా లెక్క చూశారు. అంతసేపటికి ఉత్తి స్ప్రే వాళ్లకీ చాలామందికి ఆగిపోతుంది, ఇక తేడా ఎక్కడ కనపడుతుంది? తర్వాత ర్యాపిడ్‌లో రెండో డోసుకు వీలిచ్చి, అరగంటను కొలబద్దగా పెట్టారు.
2023 అక్టోబరులో ఎఫ్‌డీఏకి (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) దరఖాస్తు పెడితే డిసెంబరులో తీసుకోకుండానే తిప్పి పంపారు. 2024లో మళ్లీ పెట్టారు. 2025 మార్చిలో అనుమతి వస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే మళ్లీ "ఇంకా సరిచేయండి" అని లెటర్ ఇచ్చారు.

కరీంనగర్_కుర్రోడు
రెండుసార్లు ఆపారంటే మందులో ఏదో తేడా ఉన్నట్టే కదా అన్నా?

డల్లాస్_డైరీ
గుండె మీద పనిచేయడంలోనో, భద్రతలోనో లోపమని చెప్పలేదు తమ్ముడూ. మొదటిసారి దుష్ప్రభావాలు ఎప్పుడెప్పుడు నమోదయ్యాయో సమయాల గురించి స్పష్టత అడిగారు. రెండోసారి తయారీ వైపు సమస్య: నైట్రోసమైన్ల గురించి అదనపు సమాచారం, ఇంకా టెస్టింగ్ చేసే ఒక ఫెసిలిటీ తనిఖీ. మళ్లీ పెట్టిన దరఖాస్తు మీద ఈ డిసెంబరులో తేలాలి.

ఫార్మా_బాబాయ్
నైట్రోసమైన్లంటే 2018లో వల్సార్టాన్ బీపీ మాత్రల్లో, తర్వాత రానిటిడిన్‌లో గొడవ రేపినవే. క్యాన్సర్ కలిగించే అవకాశమున్న మలినాలు కాబట్టి లెక్క కచ్చితంగా అడుగుతారు. అడగాలి కూడా. ఫ్యాక్టరీలో ఉన్నవాడిగా చెప్తున్నా, ఆ కాగితాలు అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో ఊహించుకోవడమే కష్టం.

పాత_మెడికల్_రెప్
గుండె లయ మందులంటే నాకు ఒక పాత సంగతి గుర్తొస్తుంది. ఈ తరం వాళ్లకి తెలియాలి.
1980ల్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లలో అదనపు బీట్లు ఎక్కువుంటే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఆ బీట్లను అణిచేస్తే బతుకుతారు అని. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు బీట్లను చక్కగా అణిచేవి. ఈసీజీ చూస్తే ముచ్చటేసేది. అమెరికాలో క్యాస్ట్ అని ట్రయల్ పెట్టి పోల్చి చూశారు. 1989లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, ఉత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు.
అందుకే గుండె లయ మందు ఏదొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "గీత బాగుపడిందా" అని కాదు. "మనిషి బాగున్నాడా" అని.

అర్ధరాత్రి_డ్యూటీ
డాక్టర్ని. డ్యూటీలో ఉన్నా కాబట్టి ఆలస్యంగా చూశాను. రెప్ గారు చెప్పింది ప్రతి మెడికల్ స్టూడెంట్ చదవాల్సిన సంగతి. అయితే తేడా కూడా చెప్పాలి. క్యాస్ట్‌లో ఉన్నవాళ్లు గుండె కండరం దెబ్బతిన్నవాళ్లు, రోజూ మందు తీసుకున్నవాళ్లు. ఎస్‌వీటీ వాళ్లలో ఎక్కువమందికి గుండె నిర్మాణం మామూలుగానే ఉంటుంది. ఎట్రిపమిల్ ఎటాక్ వచ్చినప్పుడు మాత్రమే వాడేది. ఫ్లెకైనైడ్ కూడా గుండె నిర్మాణం బాగున్నవాళ్లకు ఈరోజుకీ వాడుతున్నాం.
ర్యాపిడ్‌లో ఎక్కువగా కనిపించిన ఇబ్బందులు ముక్కులోనే: మంట, అసౌకర్యం 23 శాతం మందికి, ముక్కు దిబ్బడ 13 శాతం, ముక్కు కారడం 9 శాతం.

కానీ వాణి గారూ, స్ప్రే గురించి అడిగే ముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎటాక్ లేనప్పుడు తీసిన ఈసీజీ మీ దగ్గర ఉందా? అందులో డెల్టా వేవ్ లేదని ఎవరైనా చూశారా? డబ్ల్యూపీడబ్ల్యూ అని ఒకటుంది, ఈసీజీలో డెల్టా వేవ్ దాని ఆనవాలు. గుండెలో పుట్టుకతోనే అదనపు కరెంటు తీగ ఉంటుంది. వీళ్లకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పైగదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం) కూడా వస్తే, ఏవీ నోడ్‌ను అణిచే మందు వేశామా, కరెంటంతా ఆ అదనపు తీగ గుండా కింది గదుల మీద పడుతుంది. ప్రాణాపాయం. ట్రయల్‌లో డెల్టా వేవ్ ఉన్నవాళ్లని అందుకే తీసుకోలేదు.

వైజాగ్_వాణి
ఈసీజీలు ఫైలు నిండా ఉన్నాయి డాక్టర్ గారూ. డెల్టా వేవ్ అనే మాట ఇప్పుడే వింటున్నాను. అసలు మొదటి రెండేళ్లు నాకు ఎస్‌వీటీ అనే చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆగిపోయేది, ఈసీజీ మామూలుగా వచ్చేది. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని నిద్ర మాత్రలు రాసిన డాక్టరున్నాడు. అత్తగారింట్లో కొత్తగా ఉన్నాను కదా, అందరూ అదే నమ్మారు.

అమ్మమ్మ_మనవరాలు
అక్కా, సేమ్ టు సేమ్. నాకైతే "గ్యాస్" అన్నారు. చివరికి ఎటాక్‌లో ఉండగా ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీస్తే దొరికింది. ఆగిపోయిన తర్వాత మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం మీకూ ఉంటుందా? ఎవరికి చెప్పినా నవ్వేవాళ్లు.

అర్ధరాత్రి_డ్యూటీ
నవ్వాల్సిన విషయం కాదు. ఎస్‌వీటీకి అది మంచి ఆనవాలు. గుండె పైగదులు సాగినప్పుడు వచ్చే హార్మోను వల్ల మూత్రం ఎక్కువవుతుంది. మెడలో దబదబ, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగడం, తర్వాత మూత్రం. ఈ మూడూ చెప్తే నేను గ్యాస్ మాట ఎత్తను.

గోదారి_గాలి
ఇన్ని మాటలెందుకు? అబ్లేషన్ చేయించుకోండి, పీడా పోతుంది. నేను హైదరాబాద్‌లో చేయించుకున్నాను. తొడ దగ్గర నరం గుండా సన్నటి తీగలు పంపి, చుట్టు తిరిగే దారిని వేడితో కాల్చేస్తారు. మర్నాడు ఇంటికొచ్చాను. తర్వాత మళ్లీ రాలేదు. జీవితాంతం పర్సులో స్ప్రే మోసుకు తిరగడం ఒక వైద్యమా?

అమ్మమ్మ_మనవరాలు
గాలి గారూ, అందరికీ అంత సులువు కాదు. నాకు ఐదో నెల. ఇప్పుడు అబ్లేషన్ అంటే ఎలా? డబ్బు లేనివాళ్లు, దగ్గర్లో ఆ డాక్టర్లు లేనివాళ్లు ఉంటారు.

సింగరేణి_శీను
మా పెద్దమ్మకి అబ్లేషన్ తర్వాత పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది, మనవళ్ల వెంట పరిగెడుతోంది. కానీ ముందు మాకెవరూ చెప్పలేదు అలా జరగొచ్చని. చెప్పి ఉంటే అంత కంగారు పడేవాళ్లం కాదు.

అర్ధరాత్రి_డ్యూటీ
గాలి గారు, శీను గారు ఇద్దరూ చెప్పింది నిజమే. బాగా కనిపించే ఏవీఎన్ఆర్‌టీ రకంలో (కరెంటు ఏవీ నోడ్ దగ్గరే చుట్టు తిరిగేది) అబ్లేషన్ 95 శాతానికి పైగా సఫలమవుతుంది. పక్కనే ఉన్న అసలు దారి దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం కావడం చాలా అరుదు, కానీ ఉంది. సంతకం పెట్టించుకునే ముందు చెప్పి తీరాలి. మళ్లీ మళ్లీ ఎటాక్‌లు వస్తూ, మాత్రలు పడనివాళ్లకి నేనూ అబ్లేషనే ముందు చెప్తాను. స్ప్రే జబ్బును నయం చేయదు, ఆ పూట ఎటాక్‌ను ఆపుతుంది. గర్భిణులు మాత్రం ఏ మందైనా సరే, కార్డియాలజిస్ట్, గైనకాలజిస్ట్ ఇద్దరూ మాట్లాడుకున్నాకే.

కరీంనగర్_కుర్రోడు
నాకో ఐడియా. వెరాపమిల్ మాత్ర ఇదే కుటుంబం అన్నారు కదా, అది మన దగ్గర దొరుకుతుంది. పొడిచేసి ముక్కులో...

ఫార్మా_బాబాయ్
వద్దు. మాత్రలో మందుతో పాటు సుద్దలాంటివి బోలెడుంటాయి. ఎంత ఎక్కుతుందో తెలీదు, ఎంతసేపుంటుందో తెలీదు. ఈ స్ప్రేలో 70 మిల్లీగ్రాములు, ఒక్కో ముక్కు రంధ్రంలో ఒక్కోసారి అని కొలత కుదర్చడానికే ఏళ్లు పట్టింది.

అర్ధరాత్రి_డ్యూటీ
కుర్రోడా, ఆ పోస్టు తీసెయ్. ఎవరైనా చదివి చేస్తారు. బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. రోజూ బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లు ఇలా వెరాపమిల్ కలిపితే గుండె మరీ నెమ్మదించిపోయే ప్రమాదం ఉంది.

కరీంనగర్_కుర్రోడు
సరే డాక్టర్ సాబ్. ఎవరూ చేయకండి. ఎడిట్ ఆప్షన్ పోయింది, మోడరేటర్ గారూ ఆ పోస్టు తీసేయండి.

అర్ధరాత్రి_డ్యూటీ
డబ్బు ఖర్చు లేనిది ఒకటి చెప్తాను, మీ డాక్టర్ని అడిగి నేర్చుకోండి. సగం కూర్చుని సగం పడుకున్నట్టు ఆనుకుని, 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి మూతిలోకి, లోపలి కడ్డీ కొంచెం కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోవాలి, పక్కనున్నవాళ్లు రెండు కాళ్లూ పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. బ్రిటన్‌లో 2015లో వచ్చిన రివర్ట్ ట్రయల్‌లో 43 శాతం మందికి దీంతో ఆగింది. కాళ్లెత్తకుండా ఊదినవాళ్లలో 17 శాతమే. కాళ్లెత్తడంలోనే ఉంది కిటుకు.
స్పృహ తప్పుతున్నట్టున్నా, ఛాతీ నొప్పి ఉన్నా, ఆయాసమున్నా ఇవేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

సత్తిబాబు_సందేహాలు
సిరంజికి 43, స్ప్రేకి 64. సిరంజి ఖరీదు పది రూపాయలు.

నర్సింగ్_నాగమణి
రెండు ట్రయల్స్‌లో మనుషులు వేరు, కొలిచిన సమయం వేరు. 43ని, 64ని పక్కపక్కన పెట్టి తూచకూడదు. పైగా ర్యాపిడ్‌లో ముందు ఇలాంటివి చేసి, ఆగనివాళ్లే స్ప్రే కొట్టుకున్నారు.

నెల్లూరు_నాన్న
మా నాన్నగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వయసు 71. ఆయనకు పనికొస్తుందా ఈ స్ప్రే?

ఫార్మా_బాబాయ్
అది వేరే జబ్బు. ఏఎఫ్‌లో కరెంటు పైగదుల్లోనే చెల్లాచెదురుగా ఉంటుంది. ఏవీ నోడ్‌ను అణిస్తే వేగం తగ్గుతుంది కానీ లయ కుదరదు. వేగం తగ్గించడానికి ఎట్రిపమిల్‌ను కెనడా, నెదర్లాండ్స్‌లో 56 మంది మీద రెండో దశ ట్రయల్ చేశారు. ఉత్తి స్ప్రేతో పోలిస్తే నిమిషానికి సుమారు 30 బీట్లు తగ్గింది. మంచి సూచనే, కానీ చాలా చిన్న ట్రయల్. మీ నాన్నగారికి ముందు చూడాల్సింది పక్షవాతం రాకుండా రక్తం పలచబరిచే మందు ఇస్తున్నారా లేదా అన్నది.

నెల్లూరు_నాన్న
ఇస్తున్నారు. కానీ ఆయనే ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తున్నారు. ఈ పూట ఇంటికెళ్లి గట్టిగా మాట్లాడతాను.

వైజాగ్_వాణి (సెప్టెంబరు 2025)
ఫైలు తీసుకెళ్లి కార్డియాలజిస్ట్‌కి చూపించాను. డెల్టా వేవ్ లేదన్నారు. ఏవీఎన్ఆర్‌టీ కావచ్చట, ఈపీ స్టడీ (గుండెలోకి సన్నటి తీగలు పంపి కరెంటు దారులు చూసే పరీక్ష) చేస్తేనే కచ్చితంగా చెప్పగలమన్నారు. సిరంజి పద్ధతి ఆయనే బల్ల మీద పడుకోబెట్టి నేర్పించారు. మొన్న రాత్రి వచ్చింది. మా ఆయన కాళ్లెత్తి పట్టుకున్నారు, పాప ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టింది. ఆగింది! ఆసుపత్రికి వెళ్లకుండా ఆగడం ఇదే మొదటిసారి.

నర్సింగ్_నాగమణి
ఈ పోస్టు చదివి వార్డులో అందరికీ చూపించాను వాణీ.

డల్లాస్_డైరీ (డిసెంబరు 2025)
పాత థ్రెడ్ పైకి తెస్తున్నా. ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసింది. కార్డమిస్ట్ పేరుతో వస్తుంది. పెద్దవాళ్లలో, లక్షణాలతో వచ్చే ఎస్‌వీటీ ఎటాక్‌ను ఆపడానికి, ఇంట్లో తమంతట తాము వాడుకునేలా.

సత్తిబాబు_సందేహాలు
మంచి వార్త. ఇప్పుడు అసలు పరీక్ష మొదలు. ట్రయల్‌లో ఏరి తీసుకున్న మనుషులు వేరు, బయట నానా జబ్బులున్న మనుషులు వేరు. ఒకట్రెండేళ్లు చూస్తాను నేనైతే.

అమ్మమ్మ_మనవరాలు
మన దేశానికి ఎప్పుడొస్తుంది? అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోవచ్చా?

ఫార్మా_బాబాయ్
ఇక్కడ అమ్మాలంటే మన దేశపు మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో అనుమతి కావాలి, ఇంకా ఇక్కడ అమ్మకంలో లేదు. సొంత వాడకానికి బయటి నుంచి కొద్దిమొత్తంలో తెప్పించుకోవడానికి ఫారం 12ఏ పెట్టి 12బీ పర్మిట్ తీసుకునే పద్ధతి ఉంది, డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాలి. వాట్సాప్‌లో "తెప్పించిస్తాం" అనేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి. సీసాలో ఏముందో ఎవడికి తెలుసు?

పాత_మెడికల్_రెప్
ట్రయల్‌లో మొదటి డోసు ఇంట్లో ఇవ్వలేదు. ముందు ఆసుపత్రిలో కూర్చోబెట్టి, ఎటాక్ లేనప్పుడు మందు కొట్టి, బీపీ, ఈసీజీ చూశాకే ఇంటికి పంపారు. సూట్‌కేసులో వచ్చిన స్ప్రేకి ఆ జాగ్రత్త ఎవరు చేస్తారో అదీ ఆలోచించండి.

వైజాగ్_వాణి
వదిన అప్పుడే "పంపనా?" అని మెసేజ్ పెట్టింది. వద్దన్నాను. జనవరిలో ఈపీ స్టడీ, వీలైతే అదే బల్ల మీద అబ్లేషన్ అని డేట్ ఇచ్చారు. పేస్‌మేకర్ సంగతి నేనే అడిగాను, ఓపిగ్గా చెప్పారు. శీను గారూ, మీ పెద్దమ్మ గురించి రాయకపోతే నాకు అడగాలని కూడా తోచేది కాదు.
గోదారి_గాలి గారూ, మెటోప్రొలాల్ ముందే ఆపాలా? మీకు ఎన్ని రోజుల ముందు ఆపించారు?

గోదారి_గాలి
నాకు కొన్ని రోజుల ముందు ఆపించారు. కానీ నా లెక్క చూసి మీరు ఆపకండి, బీటా బ్లాకర్ ఉన్నట్టుండి మానేస్తే ఇబ్బంది. తేదీ వాళ్లతోనే కాగితం మీద రాయించుకోండి. మత్తు ఎక్కువ ఇవ్వరు, మెలకువగానే ఉంటారు. వాళ్లు కావాలనే ఎటాక్ తెప్పిస్తారు, అప్పుడు భయపడకండి, ఆపేవాళ్లు పక్కనే ఉంటారు. ఇంకేదైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.